గోడపిన్ని కుర్చీలు

పిల్లల కథలు రాసే మనిషి అనగానే పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, కళ్లు తిప్పుతూ చేతులు ఊపుతూ కథ చెబుతుందని అందరూ అనుకుంటారు. గోడపిన్ని అలా కాదు. పిల్లలకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కథ చదివేది. అందుకే ఆ పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లకు అప్పటికి పాలపళ్లు ఊడుతూ ఉండి ఉంటాయని మాత్రం చెప్పవచ్చు. ఎందుకంటే ఆవిడ కథలు మొదలైందే పళ్ల డాక్టరుగారి ముందు గదిలో.

అప్పటికి ఆవిడకు కొత్తగా పెళ్లయింది. భర్త వడ్రంగి. కింద కొట్టు, పైన కాపురం. పళ్ల ఆసుపత్రిలో వచ్చినవాళ్ల పేర్లు అడిగి, వాళ్ల కార్డు వెతికి లోపలికి పంపే ఉద్యోగం ఆవిడకు దొరికింది. కార్డుల అరలన్నీ గోడకు ఉండేవి. కాబట్టి రోజంతా ఆవిడ మొహం గోడకు, వీపు కుర్చీలకు. ఆ కుర్చీల్లో పిల్లలు. లోపల మిషను జుయ్యిమనగానే బయట ఒకడు రాగం అందుకునేవాడు, మిగతావాళ్లు శ్రుతి కలిపేవాళ్లు.

"అమ్మాయ్, వాళ్లను కాస్త ఊరుకోబెట్టమ్మా. నాకు చెయ్యి ఆడటం లేదు," అన్నారు ఒకరోజు డాక్టరుగారు తలుపు సందులోంచి.

అమ్మాయికి పైప్రాణాలు పైనే పోయాయి. నలుగురిలో నోరు విప్పడమంటే ఆవిడకు చచ్చేంత సిగ్గు. బడిలో పాఠం పైకి చదవమంటే బల్ల కింద దూరిన మనిషి. అంతమంది పిల్లల మొహాల్లోకి చూసి మాట్లాడటం తన వల్ల కాదు. అలాగని డాక్టరుగారి మాట తీసెయ్యలేదు. కార్డులు సర్దుతూనే, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, గోడతో అంది:

"అనగనగా ఒక పన్ను. అది ఊడమంటే ఊడనంది."

వెనక ఏడుపు టక్కున ఆగింది. "ఎందుకు ఊడనంది?" అని ఎవరో ముక్కు ఎగబీలుస్తూ అడిగారు. ఎందుకో ఆవిడకు కూడా తెలియదు. తెలుసుకోవడం కోసం చెబుతూ పోయింది.

ఆ రోజు నుంచి రోజూ ఒక కథ. ఆ గదిలోవి పాత చెక్క కుర్చీలు, కీళ్లన్నీ వదులు. కథ బాగా సాగుతున్నంతసేపు వెనక ఊపిరి చప్పుడు కూడా ఉండేది కాదు. కాస్త సాగదీసిందా, ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమనేది. దానికి ఇంకోటి వంత పాడేది. 'అక్కడ ఒక కొండ ఉంది, దాని పక్కన ఇంకో కొండ ఉంది' అంటే చాలు, కిర్రు. మర్నాడు రెండో కొండను పీకేసింది. ఆ చోట కుర్చీలు కిక్కురుమనలేదు. కథను ఎక్కడ కొయ్యాలో ఆవిడ అలా నేర్చుకుంది, ఒక్క మొహం కూడా చూడకుండా.

డాక్టరుగారు కూడా వినడం మొదలుపెట్టారు. లోపల ఎవరో నోరు తెరుచుకుని పడుకుని ఉంటే, ఈయన పట్టకారు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయేవారు. చివరికి, "అమ్మాయ్, ఇదంతా కాగితం మీద పెట్టు. అచ్చాఫీసులో నా చిన్ననాటి స్నేహితుడున్నాడు, వాడి నెత్తిన పడేస్తాను," అన్నారు. అన్నట్టే పడేశారు. పిన్ని మొదటి పుస్తకం అలా వచ్చింది. ఆ తరువాత వచ్చిన ప్రతి పుస్తకం మొదటి కాపీ డాక్టరుగారింటికి వెళ్లేది. ఆయన పోయాక ఆయన భార్యకు వెళ్లేది. 'ఆయన చెయ్యి ఆడకపోబట్టి నా చెయ్యి ఆడింది' అనేది పిన్ని ఎవరడిగినా.

ఆసుపత్రికి మెత్తటి సోఫాలు వచ్చినప్పుడు ఆ పాత కుర్చీలను పారేస్తామంటే పిన్ని బతిమాలి ఇంటికి తెచ్చుకుంది. భర్త వాటిని మేడ మీదికి మోస్తూ ఒక్కో మెట్టు దగ్గరా ఆగాడు.

"ఇవి కుర్చీలా, బాజాభజంత్రీలా? ఒక్కోదానికి రెండేసి మరలు బిగిస్తే ఇంక జన్మలో నోరెత్తవు."

"మర బిగించారంటే మీకూ నాకూ చెల్లు."

"వడ్రంగి ఇంట్లో కిర్రుకుర్చీలు! నలుగురూ వింటే నా మొహాన ఉమ్మేస్తారు."

ఉమ్మెయ్యలేదు గానీ, కొట్లోకి బేరానికి వచ్చినవాళ్లు పైకి చూసి, "ఇదేంటండీ, తమరి చేతి పనేనా?" అని అడిగేవాళ్లు. ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది. అయినా ఆ గదిలోకి మరలు తిప్పే పనిముట్టు ఒక్కటి కూడా పట్టుకెళ్లలేదు. అలాంటి మొగుడు దొరికినవాళ్లు నోరు మూసుకుని సంతోషించాలి.

అప్పటి నుంచి పిన్ని పద్ధతి ఒక్కటే. వారమంతా వంటింటి బల్ల మీద రాయడం, ఆదివారం మధ్యాహ్నం వీధిలో పిల్లలందరినీ మేడ మీద కూర్చోబెట్టి గోడ వైపు తిరిగి చదవడం, కిర్రుమన్నచోటల్లా పెన్సిలుతో గీత పెట్టడం, సోమవారం ఆ గీతలున్న వాక్యాలను నిర్దాక్షిణ్యంగా నరికెయ్యడం. కుర్చీకి నచ్చనిది పుస్తకంలోకి వెళ్లేది కాదు. పిల్లలు పెద్దవాళ్లయి, వాళ్ల పిల్లలను తెచ్చి అవే కుర్చీల్లో కూర్చోబెట్టారు. పుస్తకాలు అలమర దాటి కిటికీ గట్టు మీదికి పాకాయి.

రాయాలనుకునేవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. పిన్ని ఎవరినీ కాదనలేదు, ఎవరినీ ముద్దు చెయ్యలేదు. వాళ్లూ గోడ వైపు తిరిగి వాళ్ల కథ చదవాలి. చివర్లో పిన్ని ఎక్కడెక్కడ కిర్రుమందో చెబుతుంది. అంతే. 'బాగుంది' అన్న మాట ఆ గదిలో నిషిద్ధం. ఒక మేష్టారు కథ నిండా నీతి కుక్కుకుని వచ్చాడు. కుర్చీలు పెద్ద కచేరీ పెట్టాయి. ఆయన మళ్లీ ఆ మెట్లెక్కితే ఒట్టు.

"మొహాలు చూడకండి," అని చెప్పేది పిన్ని. "పిల్లలు మర్యాదస్తులు. మొహంతో అబద్ధమాడతారు. కుర్చీలో ఉన్న భాగానికి అబద్ధమాడటం రాదు."

శిష్యుల్లో కండక్టరమ్మ ఒకతె. సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టే పని. మొదటిసారి డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చింది. బస్సు వెనక తలుపు దాకా వినిపించే గొంతుతో, దారి తప్పిన ఒక బస్సు కథ చదివింది. కుర్చీలు ఊపిరి సలపనివ్వలేదు. బయటకు వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

పిన్ని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "ఎందుకే ఏడుపు? ఎక్కడ కిర్రుమందో తెలిసింది కదా. చాలామందికి చచ్చేదాకా తెలియదు."

కండక్టరమ్మ నీళ్లు తాగి, మళ్లీ ఆదివారం వచ్చింది. ఆ తరువాత ఎన్ని ఆదివారాలో. ఆమెవి కూడా పుస్తకాలు వచ్చాయి. అయినా ప్రతిసారీ చదవడం అయ్యాక గురువుగారి మొహంలోకి ఆశగా చూసేది. "మూడో పేజీలో ఒకచోట కిర్రుమంది," అనేది పిన్ని. ఆమె "సరే పిన్నిగారూ" అని తల ఊపేది.

ఇలా ఉండగా పిన్ని పెద్ద నవల ఒకటి ఎత్తుకుంది. ఊరందరికీ కలిపి ఒకే ఒక గొడుగు ఉన్న కథ. ఏళ్ల తరబడి మనసులో నానిన కథ. వారానికో అధ్యాయం చదువుతోంది. మొదటి వారం ఒక్క కిర్రు లేదు. రెండో వారం లేదు. మూడో వారమూ లేదు. పిన్నికి కాళ్లు నేల మీద ఆనలేదు.

"ఏమండీ, ఇన్నేళ్లకు చెయ్యి తిరిగింది! పెన్సిలు పని లేకుండా పోయింది," అంది భర్తతో.

ఆయన అన్నం కలుపుతూ ఆగి, ఏదో అనబోయి, "మంచిదే," అన్నాడు.

చెయ్యి తిరిగాక ఇంక భయమేముంది? గొడుగుకు ఒక తాత పుట్టాడు. తాతకు తండ్రి పుట్టాడు. ముత్తాత గొడుగు కర్ర ఏ చెట్టుదో, ఆ చెట్టు ఏ వైపు వంగేదో రాసింది. గోడ వైపు తిరిగి అదంతా కమ్మగా చదివింది. కుర్చీలు నిశ్శబ్దం. అచ్చాఫీసు ఇప్పుడు ఆ స్నేహితుడి కొడుకు చేతిలో ఉంది. "అక్షరం మార్చకుండా వేసెయ్యి నాయనా, ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు," అని పిన్ని కబురు చేసింది. అతను సగం పుస్తకానికి అచ్చుపని మొదలుపెట్టేశాడు.

తరువాతి ఆదివారం ముత్తాత అధ్యాయం పూర్తి చేసి, పిన్ని కాగితాలు దించి, ఎప్పట్లాగే నవ్వుతూ ఇటు తిరిగింది.

సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మిగిలిన పిల్లల్లో ఇద్దరు నిద్రపోతున్నారు. ముందు వరసలో ఎప్పుడూ కూర్చునే పళ్లసందుల పిల్ల లేదు. మెట్ల కింద నుంచి దాని కేకలు వినిపిస్తున్నాయి. వెనక కూర్చున్న కండక్టరమ్మ తల వంచుకుని గోళ్లు చూసుకుంటోంది. ఒక్క కుర్చీ కూడా కిర్రుమనకుండా ఇంతమంది ఎలా లేచి వెళ్లారు?

ఆ వెంటనే తెలిసిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కింది. దడదడా మెట్లు దిగి కొట్లోకి వెళ్లింది.

"నా కుర్చీలు ముట్టుకున్నారు కదూ! మరలు బిగించారు కదూ! కాళ్లావేళ్లా పడి చెప్పాను. నవల మొత్తం గంగలో కలిసింది. ఎక్కడ బాగాలేదో నాకెలా తెలుస్తుంది ఇప్పుడు?"

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. "నేను ముట్టుకోలేదు."

"మరి ఎందుకు కిర్రుమనడం లేదు?"

ఆవిడ వెనకే మేడెక్కి, ముందు వరసలో పళ్లసందుల పిల్ల కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ ఊగాడు. కుర్చీ కాళ్లు కదులుతున్నాయి. వీపు పలక వంగి లేస్తోంది. నిద్రపోతున్న పిల్లలిద్దరూ ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. పిన్ని ఆ కుర్చీకి అడుగు దూరంలో నిలబడి చూస్తోంది. ఆవిడకు ఏమీ వినిపించలేదు.

"ఇప్పుడు?" అన్నాడు ఆయన మెల్లగా.

ఆవిడ పక్కనున్న కుర్చీలో కూలబడింది. అది కూడా కిర్రుమనే ఉంటుంది.

"నువ్వెందుకు చెప్పలేదే?" అని కండక్టరమ్మను అడిగింది.

"మీకు వినిపిస్తూనే ఉందనుకున్నాను పిన్నిగారూ. మీరు కావాలనే వదిలేస్తున్నారు, దాంట్లో ఏదో ఉంది, నాకే అర్థం కావడం లేదు అనుకున్నాను. మిగతావాళ్లూ అంతే అనుకున్నారు." కండక్టరమ్మ గొంతు ఆ గదిలోనే సరిగ్గా వినపడలేదు. "మీకు వినపడదని ఎవరనుకుంటారు?"

చెవుల డాక్టరు చూసి వయసు అన్నాడు. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. మాటలు వినిపిస్తూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదట. ఒక మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే ఫ్యాను తుఫానులా హోరెత్తింది, పళ్లెం పెడితే పిడుగు పడింది. ఆ రొదలో ఏ కుర్చీ ఏమందో దేవుడికే తెలియాలి. పిన్ని దాన్ని తీసి డబ్బాలో పెట్టింది. అచ్చాఫీసుకు వెళ్లి పని ఆపెయ్యమని చెప్పింది. అతను కారణం అడగలేదు. మంచి పిల్లాడు, తండ్రి పోలిక.

"ఆదివారాలు కూడా ఇంక చాలు," అంది ఇంటికొచ్చి. "గోడకు చెప్పుకున్నట్టుంది అంటారే, అదే అయింది నా బతుకు."

కండక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. "నేను పక్కన కూర్చుంటాను. కిర్రుమన్నప్పుడల్లా మీ భుజం తడతాను. నేను విని చెబుతాను కదా పిన్నిగారూ."

"నీ రాతలు నువ్వు చూసుకో తల్లీ. ఒకరి చెవితో ఇంకొకరు రాయలేరు," అంది పిన్ని. మాటలో పుల్లవిరుపు ఉంది గానీ, ఆ పిల్ల వచ్చి అడిగినందుకు లోపల కడుపు నిండింది. ఆమె వెళ్లాక కిటికీ దగ్గర నిలబడి, వీధి చివర బస్సెక్కేదాకా చూసింది.

రెండు మూడు రోజుల తరువాత ఒక సాయంత్రం భర్త చేతులకున్న రంపపు పొట్టు దులుపుకుంటూ అన్నాడు:

"చెవులు పోతే పోయాయి. కళ్లున్నాయి కదా. ఇటు తిరిగి చదువు."

"అది నా పద్ధతి కాదు."

"గోడకు తిరగడం పద్ధతి కాదు. భయం. పెళ్లయినప్పటి నుంచి చూస్తున్నాను, నాకు తెలియదా?"

పిన్నికి చర్రుమని కోపం వచ్చింది. పెన్సిలు బల్ల మీద విసిరి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం పిల్లలకు రావద్దని చెప్పడం ఎవరికీ తోచలేదు. వేళకు బిలబిలమంటూ మేడెక్కి కూర్చున్నారు. పళ్లసందుల పిల్ల కూడా వచ్చింది, ఏమీ ఎరగనట్టు ముందు వరసలోనే. కండక్టరమ్మ, మరో ఇద్దరు శిష్యులు వెనక నిలబడ్డారు. వచ్చిన పిల్లల్ని వెళ్లగొట్టడం పిన్నికి చేతకాదు. గొడుగు కథ కాగితాలన్నీ తీసుకుని అలవాటుగా గోడ దగ్గరకు వెళ్లింది. నిలబడింది. గోడ ఎప్పట్లాగే ఉంది, సున్నం పెచ్చు ఊడిన చోట కూడా మారలేదు. బల్ల కింద దూరిన ఆ పిల్ల ఇన్నేళ్లూ ఆవిడ లోపలే ఉంది.

ఇటు తిరిగింది.

పిల్లలు ముక్కున వేలేసుకున్నారు. "పిన్నికి మొహం ఉంది!" అన్నాడొకడు. అందరూ పకపకా నవ్వారు. పిన్నికి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే మొదటి వాక్యం బయటపడింది.

ఒక వాక్యం చదివి, తల ఎత్తి చూసి, ఇంకో వాక్యం చదివింది. ముత్తాత గొడుగు దగ్గరకు రాగానే పళ్లసందుల పిల్ల ఏ మొహమాటమూ లేకుండా నోరంతా తెరిచి ఆవులించింది. ఉన్న పళ్లు, లేని పళ్లు అన్నీ కనిపించాయి. పిల్లలు మొహంతో అబద్ధమాడతారని ఇన్నేళ్లుగా అందరికీ పాఠం చెప్పిన పిన్ని ఆ నోటిని చూసి నిలువునా నీరుగారిపోయింది.

"ముత్తాతను తీసెయ్యనా?"

"తీసెయ్ పిన్నీ!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. పిన్ని పెన్సిలు తీసి పేజీ అడ్డంగా కొట్టేసింది.

తరువాత, ఊరి గొడుగు గాలికి చేతిలోంచి ఎగిరిపోయే చోటు వచ్చింది. చదివి, తల ఎత్తింది. పళ్లసందుల పిల్ల చెయ్యి తనకు తెలియకుండానే పక్కపిల్ల చొక్కా అంచును పట్టుకుంది. ఒకడు పెదాలు కదుపుతున్నాడు, ఆవిడ చదివిన మాటలనే మళ్లీ అనుకుంటూ. వెనక ఇంకొకడి కళ్లు పైకప్పు వైపు, ఎగిరిపోతున్న గొడుగు వెంట వెళ్లిపోయాయి.

పిన్ని చదవడం ఆపేసింది. కుర్చీలు ఆవిడకు ఏళ్ల తరబడి తప్పెక్కడో చెప్పాయి. ఒప్పెక్కడో ఒక్కసారి కూడా చెప్పలేదు. అవి మూగగా ఉన్నచోట ఏం జరిగేదో, ఏ పిల్ల ఎవరి చెయ్యి పట్టుకునేదో, ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇన్ని పుస్తకాల పొడవునా ఇది ఆవిడ వీపు వెనకే జరిగింది. ఎన్ని పోగొట్టుకుందోనని ఒక్క క్షణం దిగులేసింది. మరుక్షణం, ఇప్పటికైనా దొరికింది కదా అని ఒళ్లంతా తేలికైంది. కళ్లు తుడుచుకుంది.

"తర్వాత ఏమైంది పిన్నీ? గొడుగు ఎటు పోయింది?"

"ఉండండ్రా, చెబుతున్నా."

పిల్లలు వెళ్లాక శిష్యుల వంతు. కండక్టరమ్మ తన కథ తీసుకుని గోడ దగ్గరకు వెళ్లి నిలబడింది.

"ఇటు తిరగవే," అంది పిన్ని.

కండక్టరమ్మ తిరిగింది. పిన్ని ఆమె మొహంలోకి చూస్తూ అంది: "ముందు ఒక మాట విను. నీ దారి తప్పిన బస్సు కథ ఉంది చూడు, అందులో ముసలి డ్రైవరు షెడ్డులో బస్సును తట్టి 'ఇంక పడుకోమ్మా' అంటాడే, అది చాలా బాగుంది. మొదటి రోజే బాగుంది. ఆ చోట ఒక్క కుర్చీ కూడా కదల్లేదు."

కండక్టరమ్మ చేతిలో కాగితాలతోనే మొహం కప్పుకుంది. మిగతా ఇద్దరూ ఏం చెయ్యాలో తెలియక కుర్చీలు సర్దారు.

సాయంత్రం అందరూ దిగిపోయాక పిన్ని మెట్ల దగ్గరకు వచ్చి భర్తను పిలిచింది. "రండి. ఇప్పుడు బిగించుకోండి మీ మరలు. నాకు వాటితో పని లేదు. మీకూ తలవంపులు తప్పుతాయి."

ఆయన మేడెక్కి వచ్చాడు, వట్టి చేతులతో. కుర్చీల మధ్య తిరిగి, ఒకదాని వీపు మీద చెయ్యి వేశాడు.

"వద్దులే."

"ఎందుకు? ఇన్నేళ్లు దెప్పారుగా."

"ఇవి కిర్రుమంటేనే కదా, పైన నువ్వు పని చేసుకుంటున్నావని కింద నాకు తెలిసేది. అది వింటూనే ఇన్నేళ్లూ నా పని నేను చేసుకున్నాను. బిగించేస్తే కొట్లో తోచదు."

పిన్ని ఆయన వైపు చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషికి కూడా ఒక్క కథయినా ఎదురుగా కూర్చోబెట్టి చదివింది లేదు.

"కూర్చోండి," అంది.

ఆయన ముందు వరసలో, పళ్లసందుల పిల్ల కుర్చీలో కూర్చున్నాడు. అది కిర్రుమందో లేదో ఆవిడకు తెలియదు. ఆయన ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని, గొడుగు కథ మొదటి పేజీ మళ్లీ తీసింది.